కొత్త టైర్లు వేయించాక బండి ఊగితే

(మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందు మాట్లాడిన పెద్దలు గిట్టుబాటు ధర గురించి చెప్పారు, డ్రిప్పు సబ్సిడీ బకాయిల గురించి చెప్పారు. మమ్మల్నేమో టైర్ల గురించి చెప్పమన్నారు. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఈ గ్రౌండు బయట నిలబెట్టిన పికప్ బండ్లు ఎన్నున్నాయో వచ్చేటప్పుడు చూశాం. ఎద్దుల బండి పోయాక మన పంటను మండీకి చేర్చేది అవే. ఎద్దుకు కాలు నొప్పి పుడితే దాని నడక చూసే పట్టేసేవాళ్లం. ఈ బండి కుంటితే మాత్రం మనకు పట్టుకోవడం రాలేదు. మాకు జరిగింది చెబుతాం, మీకు పనికొస్తే తీసుకోండి.

మేం అంటే మా ఊళ్లో అయిదు కుటుంబాల వాళ్లం. అందరం టమాటా వాళ్లమే. కలిసి ఒక పాత పికప్ కొనుక్కున్నాం. ఏడేళ్లుగా మదనపల్లె మండీకి అదే తిరుగుతోంది. పోయిన పంటకు ముందు టైర్లు బోడిగుండ్లయ్యాయని నాలుగూ ఒక్కసారే మార్పించాం. పొదుపు సంఘంలో అక్కలు తీసిన డబ్బు కూడా అందులో పడింది. షాపులో అరగంటలో బిగించి ఇచ్చారు. అలైన్‌మెంట్ చూపించాలా అని అడిగితే, "ఈ బండ్లకు అవసరం లేదు, పోండి" అన్నారు. మేమూ సరే అని వచ్చేశాం. మా తప్పు అక్కడే మొదలైంది.

ఖాళీ బండి తోలుతుంటే స్టీరింగ్ కాస్త మెత్తగా, ఎడమకు లాగినట్టు అనిపించింది. కొత్త టైర్లు కదా, రోడ్డుకు అలవాటు పడాలేమో అనుకున్నాం. క్రేట్లు నింపి తోలాక తెలిసింది అసలు సంగతి. మలుపు తిప్పితే ముందు భాగం తిరుగుతుంది, వెనక భాగం ఒక క్షణం ఆగి, ఒక్కసారిగా ఊగుతుంది. గతుకు తగిలితే రెండు మూడు ఊపులు. ఇరవై అయిదేళ్లుగా బండి తోలుతున్న మా వాడికే చేతులు చెమట పట్టాయి.

షాపుకు తీసుకుపోతే, "టైరు కొత్తది, దోషం మీ బండిలో ఉంది" అన్నారు. మెకానిక్ దగ్గరికి పోతే, "నిన్నటిదాకా బాగున్న బండి, దోషం టైర్లదే" అన్నాడు. వాళ్లిద్దరి మధ్యా తిరిగేసరికి మూడు లోడ్లు బాడుగ బండికి ఎత్తాల్సి వచ్చింది. ఒకరోజు వేలం అయిపోయాక చేరాం. ఆ రోజు ధర సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు.

నాలుగో రోజు జరిగింది చెప్పడానికి మాకు సిగ్గుగానే ఉంది, అయినా చెప్పాలి. సాయంత్రం కోత అయ్యాక తొమ్మిది మంది కూలి అక్కలను అదే బండిలో ఎక్కించుకుని వస్తున్నాం. చెరువు కట్ట మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. బండి పక్కకు తిప్పితే వెనక భాగం కట్ట అంచుదాకా విసిరింది. పడలేదు. దిగి చూస్తే చక్రం జాడకీ కట్ట అంచుకీ మధ్య జానెడు కూడా లేదు. అక్కలంతా దిగిపోయారు. "నడిచి పోతాం గానీ ఈ బండి ఎక్కం" అన్నారు. మూడు కిలోమీటర్లు చీకట్లో నడిచే పోయారు. వాళ్ల వెనకే మేమూ నడిచాం.

గూడ్సు బండిలో కూలీలను ఎక్కించకూడదని మనకు తెలియక కాదు. సరుకు యజమానో, అతని తరఫు మనిషో బండిలో ఉంటే ఇన్సూరెన్సు చట్టం వాళ్లను లెక్కలోకి తీసుకుంటుంది. కూలికి ఎక్కినవాళ్లను తీసుకోదు. అంటే ఆ రోజు ఏదైనా జరిగి ఉంటే ఆ తొమ్మిది ఇళ్లకూ కంపెనీ నుంచి పైసా వస్తుందన్న నమ్మకం లేదు. కోతల కాలంలో పొద్దునా సాయంత్రం ఊళ్లకు బస్సు వేయమని మన సంఘం అడుగుతున్నది అందుకే. ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

మర్నాడు మా ఊళ్లో ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మామ దగ్గరికి పోయాం. "మీరు అందరినీ అడిగారు, టైరును అడగలేదు" అన్నాడు. పొద్దున్నే, బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు వచ్చాడు. చేతిలో గాలి కొలిచే గేజీ, సుద్దముక్క, అంతే.

మొదట గాలి చూశాడు. నాలుగు టైర్లలోనూ 35 చొప్పున ఉంది. కారుకు కొట్టినట్టు కొట్టి పంపారు. డ్రైవరు తలుపు తీస్తే పక్కన ఒక కాగితం అంటించి ఉంటుంది, మేం ఏడేళ్లలో ఒక్కసారీ చదవలేదు. అందులో ముందు టైర్లకు ఒక అంకె, లోడుతో ఉన్నప్పుడు వెనక టైర్లకు ఇంకో అంకె ఉన్నాయి. మా బండికి వెనక 60కి పైనే రాసుంది. గాలి తక్కువైతే టైరు పక్కలు బరువుకు ఒరుగుతాయి. చక్రం ఒకచోట ఉంటుంది, బండి ఇంకోచోటికి పోతుంది. ఊగుడు అదే.

"అయితే గాలి ఎక్కిస్తే సరి" అని మేం పంపు వైపు నడిచాం. మామ ఆగమన్నాడు. టైరు పక్క మీద రాసింది చదవమన్నాడు. మా టైర్ల మీద 215/75 ఆర్ 15 అని ఉంది. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 75 అంటే ఆ వెడల్పులో పక్క ఎత్తు నూటికి ఎంతో, ఆర్ అంటే రేడియల్, 15 అంటే డిస్క్ సైజు అంగుళాల్లో. నాలుగింటి మీదా అదే ఉంది. అది చూసే షాపువాడు సరిపోతాయన్నాడు, మేమూ నమ్మాం. కానీ ఆ తర్వాత ఇంకో అంకె ఉంటుంది. ముందు రెండు టైర్ల మీద 106 అని, పక్కన ఎల్‌టీ అని ఉంది. వెనక రెండింటి మీద ఎల్‌టీ లేదు, అంకె 100.

ఆ అంకె బరువు లెక్క. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుంది. 106 అంటే 950 కిలోలు. వెనక రెండూ కలిపితే 300 కిలోల తేడా. ఎల్‌టీ అంటే సరుకు బండి టైరు, పక్కలు గట్టిగా ఉంటాయి. అది లేనిది మనుషులు తిరిగే జీపు టైరు. సైజు ఒకటే, డిస్కుకు చక్కగా కూర్చుంటుంది, చూపుకు తేడా తెలియదు. ధర కాస్త తక్కువ. కొట్టంలో పడేసిన పాత టైరు తెచ్చి తుడిచి చూస్తే 106 ఎల్‌టీ అనే ఉంది. జీపు టైరు ఎంత గాలి తట్టుకుంటుందో కూడా దాని పక్క మీదే రాసి ఉంటుంది. అది మా బండి కాగితం అడిగే గాలి కంటే తక్కువ. మేం 60 ఎక్కించి, టమాటా నింపుకుని, భాకరాపేట ఘాటులో తిరుపతికి దిగి ఉంటే! ఆ వారం తిరుపతికి ఒక లోడు ఒప్పుకుని ఉన్నాం కూడా.

షాపుకు పోయి అడిగితే బిల్లు చూపించమన్నారు. బిల్లులో "టైర్లు 4" అని తప్ప ఏమీ లేదు. అయిదుగురం పోతే వినలేదు, సంఘం వాళ్లతో కలిసి పదిహేను మందిమి పోయాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేస్తామన్నాం. చివరికి వాడకం కింద కొంత కోసుకుని వెనక రెండూ మార్చారు. అందుకని, కొనేటప్పుడే బిల్లు మీద కంపెనీ, సైజు, బరువు అంకె, టైరు నంబరు రాయించుకోండి. రాయనంటే ఇంకో షాపు చూసుకోండి. పక్క మీద చివర నాలుగు అంకెలు కూడా చూడండి. 1419 అని ఉంటే 2019లో 14వ వారంలో తయారైందని. కొత్తదే అని అమ్ముతారు, గోడౌన్లో ఏళ్ల తరబడి పడి ఉన్నది కావచ్చు.

వెనక టైర్లు మారి, గాలి సరిగా పట్టాక ఊగుడు పోయింది. ఎడమకు లాగడం మాత్రం పోలేదు. మామ ముందు రెండు టైర్లనూ అటుది ఇటు, ఇటుది అటు మార్పించాడు. లాగుడు కుడికి మారితే దోషం టైరులో ఉన్నట్టు. మాది ఎడమకే లాగింది. అంటే టైరు కాదు, బండి. అప్పుడు జాకీ పెట్టి చక్రం లేపి, రెండు పక్కలా పట్టుకుని ఊపాడు. టకటకమంది. టై రాడ్ ఎండ్ అరిగిపోయింది. పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు వదులుంటే బేరింగో, బాల్ జాయింటో చూసుకోవాలట. మరి పాత టైర్లున్నప్పుడు ఎందుకు తెలియలేదని అడిగాం. బోడి టైరు ఎటు తిప్పినా జారుతూ పోతుంది, కొత్త టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, అందుకే పాత జబ్బు బయటపడింది అన్నాడు. కాబట్టి మెకానిక్ చెప్పింది సగం నిజం, షాపువాడు చెప్పింది సగం నిజం. నష్టం మాత్రం మాకే పూర్తిగా వచ్చింది.

టై రాడ్ ఎండ్ మార్చి, ఆ తర్వాతే అలైన్‌మెంట్ చేయించాం. వదులు ఉంచుకుని అలైన్‌మెంట్ చేయిస్తే ఆ డబ్బు దండగ. 70 దాటితే వణుకు ఉండేది, అది బ్యాలెన్సింగ్‌తో పోయింది. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు చూడాలి. నూరు కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించమన్నాడు. బిగిస్తే రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. ఆ రెండు నట్లు చూసి మా వాడు చాలాసేపు మాట్లాడలేదు.

కొత్త టైరు మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు కాస్త మెత్తగా అనిపించడం నిజమే. కొత్త రబ్బరు మందంగా ఉంటుంది, పైన అచ్చు నూనె పొర కూడా ఉంటుంది. అన్నాళ్లూ నిండు లోడు, వేగం వద్దు. కానీ ఆ మెత్తదనం తగ్గుతూ పోవాలి, పెరగకూడదు. ఒకే ఇరుసు మీద ఒక పక్క నైలాను, ఒక పక్క రేడియల్ వేసే వాళ్లను చూశాం. అది మాత్రం చేయకండి.

ఇంకొక్క మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు టైరు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. పికప్ టైరు మీద 28 నుంచి 18కి తగ్గింది. దున్నేది వ్యవసాయమట, పండింది మండీకి మోసేది వ్యవసాయం కాదట. రైతు పేరున ఉన్న పికప్ టైరుకూ 5 శాతమే వేయాలని అర్జీ రాశాం. కాగితం బల్ల మీద ఉంది, పోయేటప్పుడు సంతకం పెట్టండి.

గేజీ మేం ఒకటి కొని రచ్చబండ దగ్గర కొట్లో పెట్టాం. మీ బండ్లు బయటే ఉన్నాయి కాబట్టి భోజనాలయ్యాక మామ వస్తాడు, గాలీ అంకెలూ చూసి చెబుతాడు. తలుపు పక్కన కాగితం చిరిగిపోయిన వాళ్లు బండి పుస్తకం తెచ్చుకోండి.