హాస్టల్లో ఉండి బీఏ చదవాలంటే

ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా ఇంటర్ ముగిసిందంటే ఇంట్లో మాట ఇంజనీరింగ్ గురించే. చరిత్ర, ఆర్థికశాస్త్రం ఇష్టపడే పిల్లలకూ మంచి చోట్లున్నాయి. శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు అక్కడే ఉంటూ సాహిత్యం, విజ్ఞానశాస్త్రం కలిపి చదువుకోవచ్చు. ఖర్చు మాత్రం లక్షల్లో ఉంటుంది. ఆర్థిక సహాయం గురించి దరఖాస్తు చేసేటప్పుడే అడగండి.

అంత భారం మోయలేమంటే, కర్నూలులో 1972లో పెట్టిన సిల్వర్ జూబిలీ ప్రభుత్వ కళాశాల, నాగార్జునసాగర్‌లోని ఏపీ రెసిడెన్షియల్ డిగ్రీ కళాశాల ఉన్నాయి. కొల్లేటి లంకల పిల్లలు ముందు చూడాల్సినవి ఇవేనని నా గట్టి నమ్మకం. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలు దాటకపోతే, కేంద్ర స్కాలర్‌షిప్పు కింద డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలకు ప్రయత్నించవచ్చు.

చేపల పట్టుబడి అయ్యాకే డబ్బు చేతికొచ్చే ఇళ్లవాళ్లు, ఫీజు విడతలుగా కట్టనిస్తారేమో చేరే ముందే అడిగి, ఆ మాట కాగితం మీద రాయించుకోండి.