నాలుగు గదుల లెక్క

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోను చేసి, "విశ్రాంత జీవితంలో మీ అనుభవం ఏదైనా పది నిమిషాలు చెప్పండి" అన్నారు. మన సమావేశాల్లో ప్రసంగమంటే డి.ఎ. బకాయిల మీదో, షుగరు వ్యాధికి మెంతుల మీదో ఉంటుంది. ఆ రెండింటికీ నాకంటె సమర్థులు ఇక్కడే కూర్చుని ఉన్నారు. అందుచేత నేను ఒక ఆడపిల్లకు లెక్క చెప్పబోయి తప్పు చెప్పిన సంగతి విన్నవించుకుంటాను.

నేను లెక్కలతో బి.యస్సీ. ప్యాసై 1970లో ఉద్యోగంలో చేరాను. 36 ఏళ్లు అకౌంట్స్ విభాగంలోనే గడిపి 2006లో రిటైరయ్యాను. కూడికలో పైసా తేడా వస్తే రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని పట్టుకున్న రోజులు నాతో పనిచేసినవారికి గుర్తుండే ఉంటాయి. కాబట్టి లెక్క విషయంలో నాకు కొంచెం గర్వం ఉండేది. జీవశాస్త్రం మాత్రం హైస్కూల్లో కప్ప బొమ్మ గీయడంతో సరి.

2018లో మా కింది వాటాలో అద్దెకున్నవారి అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, తెలుగు మీడియం బై.పి.సి. చదువుతూండేది. లెక్కలంటే భయపడి బై.పి.సి.లో చేరింది. చేరినాక తెలిసింది, లెక్కలు వదిలేవి కావని. ఫిజిక్సులో ఎలాగూ ఉన్నాయి. వృక్షశాస్త్రంలో మెండెల్ పాఠం వచ్చేసరికి అక్కడా నిష్పత్తులు, సంభావ్యత ఎదురయ్యాయి. "తాతగారూ, ఈ నాలుగోవంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతారా?" అని పుస్తకం పట్టుకుని మేడ మీదికి వచ్చింది.

ఒకరికొకరం చెప్పుకున్నాం. జీవుల్లో ప్రతి లక్షణానికి జన్యువులు జంటగా ఉంటాయనీ, ఒకటి తండ్రి నుంచి, ఒకటి తల్లి నుంచి వస్తుందనీ, బీజకణాలు తయారయ్యేటప్పుడు క్షయకరణ విభజన జరిగి ఆ జంట విడిపోతుందనీ తను చెప్పింది. అయితే ఇది బొమ్మా బొరుసే కదమ్మా అని నేనన్నాను. కాగితం మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీస్తే నాలుగు గదులు. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఒక మంచి జన్యువు, ఒక లోపమున్న జన్యువు ఉన్నాయనుకుందాం. ఒక గదిలో రెండూ మంచివి, రెండు గదుల్లో కలగాపులగం, నాలుగో గదిలో రెండూ లోపమున్నవి. ఆ నాలుగో గదే నాలుగోవంతు. పిల్ల ముఖం వెలిగింది. నాకూ సంతోషం వేసింది. చాలా ఏళ్ల తరువాత ఒకరు నా దగ్గరకు సంతకం కోసం కాక లెక్క కోసం వచ్చారు.

పుస్తకం మూసి కూడా ఆ పిల్ల కదల్లేదు. "తాతగారూ, ఇంకొక లెక్క" అంది. అది పుస్తకంలోది కాదు.

వాళ్ల పిన్నిని సొంత మేనత్త కొడుక్కే ఇచ్చారు. మొదటి బిడ్డకు నాలుగేళ్లు. ఏడో నెల నుంచీ వాడికి మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తున్నారు. థలసేమియా. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి దాగి ఉందనీ, ఇలాంటి దంపతులకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుందనీ డాక్టరు చెప్పారట. ఇప్పుడు ఆ పిన్నికి మళ్లీ రెండో నెల. ఇంట్లో అమ్మమ్మ, "నలుగురిలో ఒకరికన్నారు, ఆ ఒక్కడూ వచ్చేశాడు, ఇక ముగ్గురికి భయం లేదు" అని ధైర్యం చెబుతోందట. "నిజమేనా తాతగారూ?"

నేను గీసిన నాలుగు గదుల వంక చూశాను. "లెక్క ప్రకారం అంతేనమ్మా" అన్నాను.

మిత్రులారా, ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. బిల్లు మీద సంతకం పెట్టేముందు మూడుసార్లు చూసేవాణ్ణి.

ఆ సాయంత్రం మన సంఘం రీడింగ్ రూములో పేకాట. (రీడింగ్ రూములో చదివేవారి సంఖ్య కోశాధికారి గారికి తెలుసు.) నా దగ్గర చూపించిన జోకరు మళ్లీ రాదు కదా అని ధీమాగా ముక్క పారేశాను. కట్టలోంచి తీసి పక్కన పెట్టిన ముక్క ఆ ఆటలో మళ్లీ రాదు. ఇంటికి నడుస్తూండగా అది మనసులో తిరిగింది. పేక ముక్క రాదు సరే. రూపాయి బిళ్ల బొరుసు పడితే, రెండోసారి బొమ్మే పడాలని ఉందా? బిళ్లకు జ్ఞాపకమెక్కడిది? మరి బిడ్డ పుట్టడం పేక ముక్క వంటిదా, రూపాయి బిళ్ల వంటిదా?

రాత్రి పదిన్నరకు నా శ్రీమతి "ఏమిటీ చప్పుడు" అని లేచి వచ్చేసరికి నేను మంచం మీద రెండు నాణేలు ఎగరేసి నోటుబుక్కులో రాసుకుంటున్నాను. నూరుసార్లు ఎగరేశాను. రెండూ బొమ్మలు 27 సార్లు, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు 51 సార్లు, రెండూ బొరుసులు 22 సార్లు. నాలుగోవంతుకు దగ్గరే. కాని ఆ 22 వరసగా నాలుగుకొకటి చొప్పున పద్ధతిగా రాలేదు. ఒకచోట వెంట వెంటనే మూడుసార్లు వచ్చాయి. ఒకచోట 13 ఎగరవేతల్లో ఒక్కటీ లేదు.

నాలుగు గదులంటే నలుగురు బిడ్డలు కాదు. ప్రతి బిడ్డకూ మళ్లీ ఆ నాలుగు గదులూ కొత్తగా తెరుచుకుంటాయి. మొదటివాడికి జబ్బు వచ్చినా రెండో బిడ్డకు అవకాశం నాలుగోవంతే, మూడో బిడ్డకూ నాలుగోవంతే. ఇటువంటి దంపతులకు నలుగురు పిల్లలు పుడితే సరిగ్గా ఒక్కరికే జబ్బు రావడం నూటికి 42 కుటుంబాల్లోనే. 32 కుటుంబాల్లో ఒక్కరికీ రాదు. మిగిలిన 26లో ఇద్దరికో అంతకంటె ఎక్కువమందికో వస్తుంది. ఇది గుణకారమే, ఎవరైనా వేసి చూసుకోవచ్చు. మెండెల్‌కు మాత్రం బఠాణీల్లో నిష్పత్తి ఎలా కనిపించిందయ్యా అంటే, ఆయన ఒక కాయ ఒలిచి ఊరుకోలేదు. 5,474 నున్నని గింజలు, 1,850 ముడతలు పడ్డవి, మొత్తం 7,324 లెక్కపెట్టాడు. అన్ని గింజలు పోగైతేనే మూడుకొకటి తేలింది. ఆయన 1850లో ఉపాధ్యాయ పరీక్ష తప్పాడని ఆ పిల్లకు చెబితే చాలా ఊరట పొందింది.

తెల్లవారి ఏడు గంటలకే కిందికి దిగాను. అమ్మాయి, వాళ్లమ్మ కాఫీ తాగుతున్నారు. "నిన్న నేను చెప్పింది తప్పు" అన్నాను. నాణేలు తీసి చూపించాను. వాళ్లమ్మ గ్లాసు కింద పెట్టింది. "అంటే మళ్లీ అంత అవకాశమూ ఉన్నట్టేనా బాబాయిగారూ?" అంది. అవునన్నాను. అమ్మాయి నా వంక కోపంగా చూసింది. నిన్న రాత్రే పిన్నికి ఫోను చేసి తాతగారు లెక్క చూసి భయం లేదన్నారని చెప్పేసిందట. నా మాట ఒక్క రాత్రిలో ఊరు దాటిపోయింది. మళ్లీ ఫోను చేసి ఆ సంగతి నేనే చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

వాళ్లు ఆ వారమే ఆసుపత్రికి వెళ్లారు. గర్భం 10 నుంచి 12 వారాల మధ్యలో ఉండగా మాయ నుంచి రవ్వంత తీసి జన్యువు పరీక్ష చేసే పద్ధతి ఉంది. ఆలస్యమైతే వేరే పరీక్షలున్నాయి గాని, నిర్ణయానికి వ్యవధి తగ్గిపోతుంది. సరైన సమయానికి వెళ్లగలిగారు. ఫలితం రావడానికి పట్టిన రోజుల్లో నేను పేకాటకు రాలేదు. కారణం ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. కడుపులోని బిడ్డ తల్లిదండ్రుల వంటిదే, ఒక మంచి జన్యువు, ఒక లోపమున్నది. జబ్బు లేదు. 2019లో ఆడపిల్ల పుట్టింది.

ఇక్కడితో లెక్క అయిపోలేదు. అన్నకు ఎముక మజ్జ మార్పిడి చేస్తే రక్తం ఎక్కించే అవసరం తీరవచ్చు. అందుకు తోబుట్టువు కణజాలం సరిపోవాలి. అది సరిపోయే అవకాశమూ నాలుగోవంతే, అవే నాలుగు గదులు! థలసేమియా జన్యువు 11వ క్రోమోజోము మీద, కణజాలపు గుర్తులు 6వ దాని మీద ఉంటాయి గనుక ఒకదానితో ఒకదానికి సంబంధం లేదనీ, ఇది మెండెల్ రెండో సూత్రమనీ మా అమ్మాయే చెప్పింది. నేను అందించకుండానే జబ్బు లేకపోవడం మూడు నాలుగోవంతులు, సరిపోవడం ఒక నాలుగోవంతు, గుణిస్తే 3/16 అని వేసింది. లెక్క సరైనదే. పరీక్షలో మాత్రం చెల్లెలి కణజాలం అన్నకు సరిపోలేదు. ఆ పిల్లవాడు ఇప్పటికీ రక్తం ఎక్కించుకుంటూ, ఒంట్లో పేరుకునే ఇనుమును తీసే మాత్రలు మింగుతూ బడికి వెళ్తున్నాడు.

మేనరికం మాట ఎత్తాను గనుక ఒక ముక్క. నాదీ మేనరికమే, ఈ హాలులో చాలామందిదీ అంతే. మేనరికం జబ్బును పుట్టించదు. కుటుంబంలో దాగి ఉన్న జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చి కలుసుకునే అవకాశాన్ని పెంచుతుంది. మేనత్త, మేనమామ పిల్లలు జన్యువుల్లో ఎనిమిదో వంతు పంచుకుంటారు. మేనమామ, మేనకోడలు నాలుగోవంతు. మనలో దాగి ఉన్నది దానంతటది తరిగిపోతుందేమో అనుకుంటాం. తరిగిపోదని 1908లోనే ఒక లెక్కల పండితుడు తేల్చాడు. కేంబ్రిడ్జిలో ఈ నాలుగు గదుల పటం గీసిన పన్నెట్ అనే జీవశాస్త్రజ్ఞుడు తనకు తెగని ప్రశ్న తీసుకుని లెక్కల మిత్రుడి దగ్గరకు వెళ్లాడు. ఆ మిత్రుడు హార్డీ. అదే సంవత్సరం జర్మనీలో వైన్‌బర్గ్ అనే వైద్యుడూ విడిగా అదే తేల్చాడు. 1913లో మద్రాసు పోర్టు ట్రస్టు అకౌంట్స్ గుమాస్తా రామానుజన్ ఉత్తరం రాసింది ఈ హార్డీకే. మన అకౌంట్స్ వాళ్లం ఆ మాత్రం గర్వపడవచ్చు.

మన మనవలు, మనవరాళ్లు పెళ్లీడుకు వచ్చారు. జాతకంతో పాటు హీమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరసిస్ అనే రక్తపరీక్ష కాగితం కూడా చూసుకోమని మా ఇంట్లో చెప్పాను. మా కోడలు మొదట అపశకునమన్నది. పరీక్ష చేయించింది మాత్రం తనే.

ఆ అమ్మాయి డిగ్రీలో మైక్రోబయాలజీ చదివింది. వాళ్లు ఇల్లు మారిపోయారు. తను వెళ్తూ తన జూనియర్లను ఇద్దరిని నాకు అప్పగించి పోయింది. ఇప్పుడు ఆదివారం ఉదయం ముగ్గురు వస్తున్నారు. ఏదైనా చెప్పాక, "రేపు మళ్లీ చూసి చెబుతాను, అప్పటి దాకా ఎవరికీ ఫోను చేయకండి" అంటున్నాను. వాళ్లు నవ్వుతారు, వాళ్లకు కారణం తెలియదు. ఈ ఆదివారం పి.హెచ్. విలువల లెక్కలు చేయాలి, దానికి లాగరిథమ్స్ కావాలి. ఫోనులో వస్తాయి గాని, పట్టికలో చూడటం నేర్పితే విషయం పట్టుబడుతుందని నా పట్టుదల. నా పాత లాగరిథమ్ పట్టికల పుస్తకం చెదలు తినేసింది. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి శనివారం లోపల రీడింగ్ రూములో ఇచ్చి వెళ్లండి. తిరిగి ఇస్తాను, రశీదు కూడా ఇస్తాను.