‘బ్వేనో’ అనే ఒక్క మాట

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్పానిష్ పాఠాలు చెప్పుకుని బతుకుతున్నావు కదా, దాని గురించి పది నిమిషాలు మాట్లాడమని సంఘంవారు అడిగారు. పది నిమిషాల్లో భాష రాదు. ఒక్క మాట వస్తుంది. అందుకని ‘బ్వేనో’ తెచ్చాను. మంచి అని అర్థం. మొదటి పాఠంలోనే కనిపిస్తుంది, పుస్తకం అయిపోయేదాకా ఇబ్బంది పెడుతుంది.

దీని పుట్టుక లాటిన్ ‘బోనుస్’. నొక్కి పలికే చోట ‘ఓ’ కాస్తా ‘వే’ అయింది. నొక్కు లేనిచోట పాత ‘ఓ’ మిగిలింది, అందుకే మంచితనాన్ని ‘బోందాద్’ అంటారు.

మన ‘మంచి’ నామవాచకం ముందు మారదు: మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు. వాళ్ళది అలా కాదు. స్త్రీలింగమైతే బ్వేనా, బహువచనమైతే బ్వేనోస్, బ్వేనాస్. పుంలింగ ఏకవచనం ముందొస్తే తోక తెగి ‘బ్వేన్’ అవుతుంది: బ్వేన్ అమీగో, మంచి స్నేహితుడు. బ్వేనోస్ ఐరెస్ నగరం పేరులో ఉన్నదీ ఈ మాటే. మంచి గాలులు అని.

ఇదంతా బట్టీ పడితే వచ్చేస్తుంది. అలా రానిది వేరే ఉంది. ‘ఆయన మంచివాడు’ అనడానికి మనకు క్రియే అక్కర్లేదు. స్పానిష్‌లో క్రియ ఉండితీరాలి, అదీ రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. స్థూలంగా చెప్పాలంటే స్వభావానికి ‘సేర్’, ఇప్పటి స్థితికి ‘ఎస్తార్’. ‘లా సోపా ఎస్ బ్వేనా’ అంటే సూపు మంచిది. ‘లా సోపా ఎస్తా బ్వేనా’ అంటే సూపు రుచిగా ఉంది. తెలుగువాళ్ళకి ఇది చెప్పడం తేలిక. మజ్జిగ మంచిది అంటాం, మజ్జిగ బాగుంది అంటాం. ఒకటి ఒంటికి, ఒకటి నాలుకకి.

ఆ ధీమాతోనే బోల్తా పడతారు. ఎలా ఉన్నారని అడిగితే ‘బాగున్నాను’ను మాటకు మాట మార్చి ‘ఎస్తోయ్ బ్వేనో’ అనేస్తారు. మనిషి విషయంలో ఎస్తార్ పక్కన బ్వేనో చేరితే చాలాచోట్ల అది ఒంటి సొగసు చూసి అనే మాట. పెళ్ళిచూపుల్లో ‘పిల్లాడు బాగున్నాడు’ అనడం కంటే నాలుగు మెట్లు ఘాటు, కాస్త వీధి వాసన కూడా. తన గురించి తనే అనుకుంటే ఎలా ఉంటుందో ఊహించండి! అక్కడ చెప్పాల్సింది ‘ఎస్తోయ్ బియేన్’. మెక్సికోవాళ్ళతో ఉద్యోగం చేయబోయేవాళ్ళకి నేనిది మొదటి వారమే చెప్పేస్తాను.

దీని వ్యతిరేక పదం ‘మాలో’ సంగతి గురువులకు ప్రత్యేకించి చెప్పాలని ఉంది. ‘ఎల్ నీన్యో ఎస్ మాలో’ అంటే పిల్లాడు చెడ్డవాడు. ‘ఎల్ నీన్యో ఎస్తా మాలో’ అంటే, స్పెయిన్‌లో, పిల్లాడికి ఒంట్లో బాగాలేదు. పిల్లాడూ వాడే, విశేషణమూ అదే. ఏ క్రియో తేల్చుకోకుండా అక్కడ వాక్యం పూర్తికాదు. ‘వాడు మొద్దు’ అనడానికి మన వ్యాకరణం అలా ఆపదు. ఆ మాట పడ్డవాళ్ళు ఈ హాల్లో కొందరున్నారు, వాళ్ళ బెంచీలోనే నేనూ కూర్చున్నాను. మా లెక్కల మాస్టారు మాత్రం ‘ఇవాళ నీకు లెక్క కుదర్లేదురా’ అనేవారు. అది ఎస్తార్. ఆయనకు స్పానిష్ రాదు.

బ్వేనో ప్రతిసారీ మంచే కాదు. ‘ఉన్ బ్వేన్ సుస్తో’ అంటే గట్టి భయం, మనం ‘మంచి దెబ్బే తగిలింది’ అన్నట్టు. ‘పోర్ లాస్ బ్వేనాస్’ అంటే మంచిగా, బలవంతం లేకుండా. మెక్సికోలో ఫోనెత్తి ‘బ్వేనో?’ అంటారు. ఆలోచించుకోడానికి బ్వేనో, ఒప్పుకోడానికి బ్వేనో, లేచి వెళ్ళడానికీ బ్వేనో. మా నాయనమ్మ కూడా వచ్చినవాళ్ళను సాగనంపుతూ ‘మంచిది నాయనా’ అనేది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. బ్వేనో... మంచిదండీ, సెలవు.