నెలలు నిండే వేళ బీపీ: ఓర్చుకోవద్దు, చూపించుకోండి

(కోయంబత్తూరు, మధురై మిల్లుల తెలుగు మహిళా కార్మికుల సమావేశంలో మహిళా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సమావేశంలో మనం బోనసు, కరువు భత్యం, పని భారం గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు కడుపుతో ఉన్న మన ఆడవాళ్ళ బీపీ గురించి మాట్లాడుకుందాం. ఇది డాక్టరమ్మ చెప్పవలసిన మాట, యూనియనుకేం పని అని కొందరు అడిగారు. ఎందుకో చెబుతాం.

మా లైన్లలో ఒక చెల్లెలు కోన్ వైండింగులో పనిచేసేది. తొలిచూలు. ఎనిమిదో నెలలో కాళ్ళకు నీరు దిగింది. "కడుపుతో ఉన్నవాళ్ళకు మామూలే" అన్నారు ఇంట్లో పెద్దవాళ్ళు. తర్వాత మొహం ఉబ్బింది, వేలి ఉంగరం రాలేదు. మూడు రోజులు తలపోటు. మాత్ర మింగి షిఫ్టుకు వచ్చింది. దారం కొస కనపడడం లేదంటే మేస్త్రీ "మొహం కడుక్కుని రా" అన్నాడు. పక్కన నిలబడ్డ మేము "తైలం రాసుకో" అన్నాం. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించడంలో గంట గడిచిపోయింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ తప్పులో మేస్త్రీది ఎంతో మాదీ అంత. అందుకే ఈ మాట ఎత్తుకున్నాం.

ఏమిటీ జబ్బు?

అయిదో నెల దాటాక బీపీ 140/90 గానీ, అంతకు మించి గానీ ఉంటే అది జాగ్రత్త పడవలసిన బీపీ. దానితోపాటు మూత్రంలో ప్రోటీను పోతుంటే, లేదా లివరు, కిడ్నీ, రక్తకణాలు దెబ్బతింటుంటే జబ్బు ముదురుతున్నట్టు. 160/110 వస్తే ఆ గంటలోనే ఆసుపత్రికి చేరాలి. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పెద్దలు గుర్రపు వాతం అన్నది దీన్నే. ఇది గాలీ కాదు, దిష్టీ కాదు. దీని మూలం మాయలో ఉంది. మాయకు రక్తం సరిగా అందక, తల్లి రక్తనాళాలు దెబ్బతిని బీపీ ఎక్కుతుంది. బిడ్డ ఎదుగుదల తగ్గుతుంది.

మిల్లు పని వల్లే ఇది వస్తుందని మేము అనం. ఇంట్లో కూర్చున్నవాళ్ళకూ వస్తుంది. అయితే మారే షిఫ్టులకు, ఎక్కువ గంటల పనికి ఈ బీపీతో సంబంధం కనపడిందని పరిశోధనలు చెబుతున్నాయి. పైగా ఆడవాళ్ళకు రాత్రి పనిపై ఫ్యాక్టరీల చట్టంలో ఉన్న నిషేధాన్ని మద్రాసు హైకోర్టు 2000లో కొట్టివేసింది. కాబట్టి ఎవరి ఒంటిని వాళ్ళు కనిపెట్టుకోవడం మనకు మరీ అవసరం.

ఈ గుర్తులు కంఠతా పట్టండి

తగ్గని తలపోటు. కళ్ళు మసకలు, మిణుగురులు. రొమ్ము కింద, కుడి డొక్కలో నొప్పి, వాంతి. మొహం, చేతులు హఠాత్తుగా ఉబ్బడం. మూత్రం తగ్గడం. ఆయాసం. బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఒక్కటి కనపడినా షిఫ్టు అయ్యేదాకా ఆగవద్దు. కొందరికి ఏ గుర్తూ లేకుండానే బీపీ ఎక్కుతుంది. అందుకే బాగున్నామనుకున్నా ప్రతి పరీక్షలోనూ బీపీ, మూత్రం చూపించుకోవాలి.

నాయకరాజుల కాలం నుంచి ఇక్కడ ఉన్నాం, ఇంట్లో తెలుగు, బయట తమిళం. ఆసుపత్రిలో గుర్రపు వాతం అంటే నర్సమ్మకు తెలియదు. "తలైవలి, కణ్ మంగలా ఇరుక్కు, వలిప్పు వందదు" అని చెప్పడం ఇంట్లో ముసలమ్మలకూ నేర్పండి.

తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం మన ఆచారం. గాజుల వేడుక చేసి, చీర సారె పెట్టి పంపుతాం. బీపీ రాసిన కార్డు మాత్రం అత్తింట్లో మరిచిపోతాం. సారెకంటే ముందు ఆ కార్డు, పిక్మీ నంబరు సంచిలో పెట్టండి.

వైద్యం ఉంది

వాపు తగ్గాలని నీళ్ళు మానేయవద్దు. బార్లీ నీళ్ళు తాగితే తప్పు లేదు, బీపీ మాత్రం వాటితో దిగదు. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటి మాత్రలు డాక్టరు చూసి ఇస్తారు. తలపోటు తగ్గిందని మీ అంతట మీరే ఆపవద్దు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేటు ఇస్తారు. 2002లో వెలువడిన ఒక పరీక్షలో 33 దేశాల్లో 10 వేల మందికి పైగా తల్లులను చూశారు. ఈ మందు ఫిట్స్ ముప్పును సగానికి తగ్గించిందని తేలింది. అసలు మందు కాన్పే. అందుకే ఒక్కోసారి నెలలు నిండకముందే కాన్పు చేస్తారు. భయపడి సంతకానికి వెనకాడవద్దు.

కాన్పు అయింది, గండం గడిచిందనుకోవద్దు. బాలింతకూ ఫిట్స్ రావచ్చు. ఆరు వారాలు గుర్తులు కనిపెట్టి ఉండాలి. ముందు కాన్పులో బీపీ వచ్చినవాళ్ళు, కవలలు ఉన్నవాళ్ళు, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మళ్ళీ నెల తప్పగానే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. మూడో నెల నుంచి కొద్ది మోతాదు ఆస్పిరిను ఇచ్చి ముప్పు తగ్గిస్తారు.

ఇక మన హక్కులు

ఎదిగే కడుపుతో ఎనిమిది గంటలు నిలబడి సైడ్లు చూడక్కర్లేదు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం తెచ్చిన నియమం ప్రకారం కాన్పుకు ముందటి ఆరు వారాలకు ముందున్న నెల రోజులూ, ఆ ఆరు వారాల్లో సెలవు పెట్టకుండా పని చేసే రోజులూ, అడిగిన ఆడమనిషికి బరువు పని, ఎక్కువసేపు నిలబడే పని చెప్పకూడదు. అడిగితేనే సుమా! నోటితో కాదు, కాగితం మీద అడగండి. నకలు దగ్గర ఉంచుకోండి.

2017 సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతపు సెలవు వచ్చింది. అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. కడుపు వల్ల, కాన్పు వల్ల జబ్బు చేస్తే సర్టిఫికెట్టు మీద ఇంకో నెల. బీపీకీ అది వర్తిస్తుంది. సెలవులో ఉన్నదాన్ని పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. ఈ రక్షణలు ఇప్పుడు 2020 సామాజిక భద్రత కోడ్‌లో ఉన్నాయి.

ఈఎస్ఐ మన కోయంబత్తూరుకు 1955లోనే వచ్చింది. జీతంలోంచి ఈఎస్ఐ కోత ఉందో లేదో చీటీ చూసుకోండి. కాంట్రాక్టు కార్మికురాలికీ, హాస్టల్లో ఉండి పనిచేసే పిల్లకూ ఈ హక్కు ఉంది. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి, డబ్బు అడగరు.

యూనియన్ ముందు మేము మూడు కోర్కెలు పెడుతున్నాం. ప్రతి మిల్లు డిస్పెన్సరీలో పనిచేసే బీపీ మిషను ఉండాలి. ఏడో నెల నుంచి కూర్చుని చేసే పని ఇవ్వాలి. తలపోటు, కళ్ళు మసక అని చెప్పిన గర్భిణికి జీతం కోత లేకుండా గేటు పాసు ఇవ్వాలి.

అన్నదమ్ములారా, మీకు ఒక మాట. ఈ రాత్రి ఇంటికెళ్ళి "కాళ్ళకు నీరు దిగిందా?" అని అడిగి ఊరుకోకండి. "ఈ నెల బీపీ ఎంత?" అని అడగండి. అంకె చెప్పలేకపోతే, రేపు ఒక పూట సెలవు పెట్టి వెంట వెళ్ళండి.

ఆ చెల్లెలు మళ్ళీ పనిలో చేరింది. ఇక్కడే, మీ మధ్యనే కూర్చుని ఉంది. ఆమె పడ్డ బాధ మన మిల్లుల్లో ఇంకో తల్లి పడకుండా చూసుకుందాం.