ప్రమాదమున గాయపడినవారు - వకీలుతో మొదటి మాట

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఉదయము నుండియు ఈ పందిటియందు విద్యను గూర్చియు, వసతిగృహ నిధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మాకు నిర్ణయింపబడిన విషయము వానియంత ఘనముగా వినబడదు. అయినను, బండి తగిలి కాలు విరిగినవాడో, యంత్రమున చేయి పోయినవాడో, అట్టివాని తల్లియో భార్యయో లేని గ్రామము మన రెండు జిల్లాలలో నొక్కటియు లేదని మేమెరుగుదుము. మేము న్యాయశాస్త్ర పండితులము కాము. సంఘీయుల కాగితములు మోసికొని, వారి వెంట కోర్టు మెట్లెక్కి దిగినవారము మాత్రమే. ఆ యనుభవమే మాకు గల యర్హత.

మన నల్లరేగడి నేలమీద మిరపకోత మొదలైనది మొదలు వేసవి వరకు త్రోవలెట్లుండునో మీకు చెప్పవలసిన పని లేదు. ట్రాక్టరు తొట్టిలో ఇరువది మంది కూలీలు, ఆటోలో పదునైదుగురు, లారీలో టిక్కీలమీద టిక్కీలు. గుంటూరు, చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల, ఒంగోలు మీదుగా పోవు 16వ నంబరు జాతీయరహదారి యొకప్రక్క. దానిని కోసికొని వచ్చు పల్లెబాటలు వేరొకప్రక్క. 2020 మే 14వ తేదీన నాగులుప్పలపాడు మండలమున మిరపకోత ముగించుకొని యిండ్లకు మరలుచున్న కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభమును ఢీకొనగా 9 మంది ప్రాణములు విడిచిరి. ఆ వార్త చదివి కంటతడి పెట్టని వారు లేరు. అట్టి దుర్ఘటన తరువాత ఆ కుటుంబము ఏ గడప తొక్కవలెను, ఏమడుగవలెను అన్నది యోచించువారు మాత్రము మిక్కిలి తక్కువ.

మేము దగ్గర నుండి చూచిన యొక సంగతి చెప్పెదము. పేరును, ఊరును చెప్పము. మనవాడే, కౌలురైతు. కొన్నియేండ్ల క్రిందట తన మిరపకాయలను లారీకెత్తించి, తానును డ్రైవరు ప్రక్కన కూర్చుండి గుంటూరు యార్డుకు బయలుదేరెను. తెల్లవారుజామున లారీ బోల్తాపడెను. కుడిచేయి నలిగిపోయెను. ఆసుపత్రిలో మూడవనాడు, ఇంకను మత్తు దిగకమునుపే, ఒక పెద్దమనిషి పండ్లు తీసికొని వచ్చి, "మా వకీలుగారు అన్నియు చూచుకొందురు, పైస ఖర్చులేదు, వచ్చినదానిలో మూడవవంతు యిచ్చిన చాలును" అని చెప్పి, వకాల్తామీదను, మరి రెండు తెల్లకాగితములమీదను ఎడమచేతి బొటనవ్రేలిముద్ర వేయించుకొని పోయెను. ఆ వకీలుగారిని రైతు మొట్టమొదట చూచినది ఏడాదిన్నర తరువాత, సాక్ష్యము చెప్పు దినమున!

ఫలితమేమి? దరఖాస్తులో అతడు లారీ యెక్కిన "ప్రయాణికుడు" అని వ్రాయబడెను. సరకులారీలో ఊరక యెక్కిన ప్రయాణికునికి బీమా వర్తింపదని బీమా కంపెనీ వాదించెను. ఆ వాదము చట్టరీత్యా బలమైనదే. కాని అదే చట్టము, మోటారు వాహనముల చట్టము 147వ సెక్షను, 1994 నాటి సవరణ నుండి, సరకుతోకూడ పోవు సరకు యజమానికిని అతని ప్రతినిధికిని రక్షణ కల్పించియున్నది. ఆ టిక్కీలు అతనివే! ఆ మాట దరఖాస్తులో లేదు. సరకును నిరూపించు కాగితము ఒక్కటియు దాఖలు కాలేదు. పరిహారము లారీ యజమాని యొక్కనిమీదనే పడెను; అతనికున్నది ఆ లారీయే, అదియు ఫైనాన్సువారి తాకట్టులో నుండెను. కాగితముమీద డబ్బు వచ్చినది, చేతికి రాలేదు. తరువాత వేరొక వకీలును పట్టుకొని హైకోర్టుకు పోయిరి. ఆ అప్పీలు నేటికిని తేలలేదు.

"మీరు లారీ యెందుకెక్కితిరి? అందలి సరకెవరిది?" ఈ రెండు ప్రశ్నలు మొదటినాడే ఎవరైన అడిగియున్న, ఆ కుటుంబము గతి వేరుగా నుండెడిది. అడుగుటకు వకీలు ఎదుటలేడు; చెప్పుటకు రైతుకు తెలియదు. కావున మేము నొక్కి చెప్పునదేమన, వకీలును నిర్ణయించుకొనవలసినది వకాల్తామీద సంతకము చేయునప్పుడు కాదు, అంతకుముందు జరుగు మొదటి సంభాషణలో. ఆ సంభాషణలో ఏ వకీలు మిమ్ములను ఎక్కువగా ప్రశ్నించునో, ఆయన వైపు మొగ్గుడు. కేసు వినకమునుపే "ఇరువది లక్షలు తెప్పింతును" అనువానికి నమస్కరించి లేచి రండు.

పది టిక్కీల కాయ అమ్ముటకు నాలుగు కొట్లు తిరిగి, ధర విని, కాటా వద్ద కన్నార్పక నిలుచువాడు మన రైతు. అట్టివాడు తన చేయిపోయిన కేసును ముఖమెరుగని వానికి అప్పగించుట మాకు వింతగా తోచును. ఇద్దరు ముగ్గురు వకీళ్లను చూచి మాటలాడుట తప్పు కాదు. ఈ జిల్లాలు వకీళ్లకు గొడ్డుపోయినవి కావు. ప్రకాశము జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశము పంతులుగారును ప్లీడరుగానే వృత్తి నారంభించినవారు గదా!

వకీలునొద్దకు పోవునపుడు ఉత్తచేతులతో పోరాదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రి గాయముల పత్రము, డిశ్చార్జి కాగితములు, మందుల రశీదులు, బండి నంబరు, దొరకినచో దాని బీమా పత్రపు నకలు తీసికొని పోవలెను. కౌలురైతులకు వేరొక చిక్కు గలదు. ఆదాయమునకు ఋజువేది యని బీమావారడుగుదురు. పొలము పరులది, కౌలు నోటిమాట. అందువలన యార్డులో ఇచ్చు తక్‌పట్టీలను, పత్తి అమ్మిన రశీదులను, పంట సాగుదారు హక్కు పత్రమును పారవేయక దాచవలెను. పైన చెప్పిన రైతు ఇంటిలో పాత తక్‌పట్టీలు పొయ్యి రాజవేయుటకు పనికివచ్చినవని అతని భార్య మాతో చెప్పి యేడ్చినది.

ఇక వకీలును అడుగవలసినవి. దరఖాస్తు ఎప్పటిలోగా వేయుదురు? 2019 సవరణ ననుసరించి, 2022 ఏప్రిలు 1 నుండి ప్రమాదము జరిగిన 6 నెలలలోగా వేయవలెనను నియమము అమలులోనికి వచ్చినది. దానిపై సర్వోన్నత న్యాయస్థానమున వివాదము నడచినను, ఆ వివాదమును నమ్ముకొని కూర్చుండుట అవివేకము. ఎక్కడ వేయుదురు? ప్రమాదము జరిగినచోటనే కానక్కరలేదు. మీరు నివసించుచోట గల న్యాయాధికరణమునందును వేయవచ్చును. ఒంగోలువాడు తిరుపతివద్ద గాయపడినంతమాత్రమున వాయిదాకొక పర్యాయము తిరుపతి పోనక్కరలేదు. జిన్నింగు మిల్లులోని కార్మికుడు మిల్లు లారీ క్రిందపడినచో రెండు త్రోవలుండును: మోటారు చట్టమొకటి, 1923 నాటి కార్మిక పరిహార చట్టపు త్రోవ (నేడది 2020 సాంఘిక భద్రతా స్మృతిలో చేర్చబడినది) రెండవది. రెంటిలో నొకదానినే పట్టవలెను. ఏది మేలో, ఎందువలన మేలో వకీలు మీకు తెలుగులో విప్పి చెప్పగలుగవలెను. ట్రాక్టరు తొట్టిలో పోయిన కూలీకి బీమా వర్తించునా అన్నది మరింత జటిలము. 2007లో సర్వోన్నత న్యాయస్థానము అట్టి కేసొకదానిలో బీమా కంపెనీకి బాధ్యత లేదనుచునే, బీద కూలీకి ముందు చెల్లించి యజమాని వద్ద రాబట్టుకొమ్మని యాజ్ఞాపించెను. ఈ సంగతి మీ వకీలుకు తెలియునో లేదో అడిగి చూడుడు. కోపగించుకొనునేని అదియు నొక సమాధానమే.

అన్నింటికంటె ముఖ్యమైనది వైద్యుని సాక్ష్యము. లెక్క యెట్లు కట్టుదురో వినుడు. గాయపడినవాని వయస్సు 38, నెలకు 10,000 రూపాయల ఆదాయమని కోర్టు నమ్మినదనుకొందము. సంవత్సరమునకు 1,20,000. స్వయముగా పనిచేసికొను 40 ఏండ్లలోపువానికి ముందుముందు పెరుగు ఆదాయమునకై నూటికి 40 వంతున చేర్చవలెనని 2017 నాటి తీర్పు, అప్పుడు 1,68,000. ఆ వయస్సునకు 15 చేత హెచ్చవేయవలెనని 2009 నాటి తీర్పు. ధ్రువపత్రములో వైకల్యము నూటికి 20 అని యుండి, దానినే పట్టుకొనిన 5,04,000 రూపాయలగును. కాని శరీరమునకు గల వైకల్యము వేరు, సంపాదనకు గల నష్టము వేరు అని 2010లో సర్వోన్నత న్యాయస్థానము విడమరచి చెప్పియున్నది. కుడిచేయి పట్టు తప్పినవాడు మందు కొట్టలేడు, బస్తా యెత్తలేడు. చికిత్స చేసిన వైద్యుని పిలిపించి ఈ మాట చెప్పించి, సంపాదన నష్టము నూటికి 50 అని నిరూపించినచో 12,60,000 అగును. మందుల ఖర్చు, బాధకు పరిహారము వేరు. "వైద్యుని సాక్షిగా పిలుతురా?" అను చిన్నప్రశ్న విలువ ఇంత యని చూపుటకే ఈ లెక్క.

ఫీజు మాట. సిగ్గుపడక అడుగుడు. వచ్చినదానిలో వాటా పుచ్చుకొందునను ఒప్పందమును బార్ కౌన్సిల్ నియమములు నిషేధించియున్నవి. ఆసుపత్రులకు మనుష్యులను పంపి కేసులు పట్టుటయు నిషిద్ధమే. అయినను రెండును జరుగుచున్నవని అందరికిని తెలియును. ఇంత ఫీజు, ఈ వాయిదాలలో అని వ్రాయించుకొని రశీదు తీసికొనుడు. తెల్లకాగితముమీద, ఖాళీ చెక్కుమీద సంతకము వలదు. ఒకవేళ ఆ వకీలు నచ్చక మరియొకరిని పెట్టుకొనదలచిన, ఫీజు బాకీయని చెప్పి మీ కాగితములు పట్టియుంచుటకు ఆయనకు హక్కులేదని 2000లోనే తీర్పు వచ్చినది. ఇట్లు చెప్పినందున వకీళ్లపై మాకు ద్వేషమనుకొనరాదు. ఒక్కపైస పుచ్చుకొనక మన విధవరాలి కేసు ఆరేండ్లు నడిపి గెలిపించిన వకీలుగారిని మేమెరుగుదుము. ఆయన మొదటినాడు రెండుగంటలసేపు ఆమెను ప్రశ్నించుట మా కండ్లార చూచితిమి. పోలీసులు కూడ అంతగా అడుగలేదని ఆమె విసుగుకొన్నది!

ఫీజు నిచ్చుకొనలేనివారు 1987 నాటి న్యాయసేవాధికార చట్టమును మరువరాదు. స్త్రీలకును, పిల్లలకును, వికలాంగులకును ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగా వకీలును నియమింతురు. గుంటూరునను ఒంగోలునను జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నవి. ఉచితముగా వచ్చిన వకీలునైనను ఈ ప్రశ్నలన్నియు అడుగవచ్చును. లోక్ అదాలతులో రాజీ చేసికొనుట కొందరికి మేలు, త్వరగా ధనము చేతికి వచ్చును. కాని అచ్చటి తీర్పుపై అప్పీలు లేదు. కావున రాజీకి ఒప్పుకొనుటకు ముందు, పైన చెప్పిన లెక్కను వకీలుచేత కాగితముమీద వేయించి చూచుకొనవలెను.

పోషకులతో నొక మనవి. మన వసతిగృహమున చదివి న్యాయవాదులైన యువకులు గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు కోర్టులలో ఉన్నారు. నెలకొక ఆదివారము వారిలో నొక్కరు వసతిగృహము ముందుగదిలో కూర్చుండి, వచ్చినవారి కాగితములు చూచి, ఏ ప్రశ్నలడుగవలెనో చెప్పి పంపిన చాలును. కేసు తామే పట్టవలెనని నియమము వలదు. పట్టరాదన్న నియమమే మేలని మా యభిప్రాయము. దానికి కావలసినది ఒక బల్ల, నాలుగు కుర్చీలు, నకళ్లు తీయు యంత్రమొకటి. బల్ల ఇచ్చుటకు నిన్నరాత్రియే యొకరు ముందుకు వచ్చిరి. తక్కినవాని సంగతి కార్యదర్శిగారు భోజనానంతరము మీతో ప్రస్తావింతురు.