నాయనమ్మ బావి

2024 డిసెంబరు 21వ తేదీన ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్ళూరు మండలములలో భూమి కంపించినది. మరునాడును, ఆ మరునాడును కంపించినది. జనులు ఇండ్లు విడిచి వీధులలోనికి పరుగెత్తిరి. ఆ వార్త వినగానే మాకు మొట్టమొదట జ్ఞప్తికి వచ్చినది ముండ్లమూరులో తాళము వేసియున్న మా నాయనమ్మ ఇల్లు. పోయి చూచితిమి. గోడకు నెర్రె ఒకటి ఉన్నది గాని అది పాతదో క్రొత్తదో తెలియలేదు. పెరటిలోని రోలు ఉన్నచోటనే ఉన్నది. ఒకనాడు బావి ఉండిన తావున మాత్రము నేల కొంచెము క్రుంగినది. ఆ బావిని గూర్చియు, దానిని త్రవ్వించిన మా నాయనమ్మను గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఆమెకు పురుళ్ళు పదకొండు. దక్కిన సంతానము తొమ్మండుగురు. కడగొట్టు బిడ్డ పాలు విడువకమునుపే తాతగారు గతించిరి. ఆనాడు ముండ్లమూరు నెల్లూరు జిల్లా దర్శి తాలూకాలోని ఊరు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు గాని ఆ తాలూకా నెల్లూరును వీడలేదు. అంతయు మెట్ట, వాన కురిసిన పంట, కురియకున్న పస్తు. ఆరెకరముల చేను, ఒక జత ఎద్దులు, తొమ్మిది నోళ్ళు ఆమె పాలబడెను.

ఆమె సంసారమంతయు కరువు భయముతో నడపినదే. 1876-78 నాటి ధాత కరువును గూర్చి తన అవ్వ చెప్పగా విన్నదట. అందుచే పాతరలోని జొన్నలను అడుగంట తీయనిచ్చెడిది కాదు. క్రొత్త గింజ ఇల్లు చేరినపిదపనే పాత గింజ కదలవలెను. పాతర తెరచిననాడు ముందుగా దీపమును త్రాటితో లోనికి దింపెడిది. దీపము ఆరినచో లోన గాలి చెడినదని అర్థము. ఆ పూట ఎవ్వరును దిగరాదు. పిల్లలు ఆకలికి ఏడ్చుచున్నను ఆ కట్టడి తప్పలేదని మా పెదనాన్నగారు చెప్పెడివారు.

పండిన ఏడు జొన్న సంగటి. పండని ఏడు వరిగన్నము, గోంగూర పులుసు. వరిగలు దంచుట తేలిక పని కాదు. పొట్టు ఊడవలెను, గింజ నలుగరాదు. తెల్లవారుజామున రోకటిపోటు వినబడినచో, ఆ పూటకు అన్నమున్నదని పిల్లలు మరల కన్నులు మూసెడివారట.

ఇక ఒక సంగతి చెప్పుటకు కొంత జంకుచున్నాము. మా నాయనమ్మ అందరికంటె ముందుగా భుజించెడిది! తల్లి కడపట తినవలెనని లోకరీతి. ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఈ మాటను ఊరంతయు చాటిరి. ఆమె సమాధానము ఒక్కటే: "కాడి మోసే ఎద్దుకు మేత ముందెయ్యాల. అది పడితే బండి కదలదమ్మా." చిన్నతనమున మేమును నవ్వితిమి. పస్తులుండి శుష్కించిన తల్లులను పొగడు అలవాటు మనలో ఎంత గట్టిదో తలచికొన్నపుడు, ఆమె చేసినదే సబబని నేడు మాకు తోచుచున్నది.

అన్నిటను ఆమెను సమర్థింపజాలము. మగపిల్లలను బడికి పంపెను, ఆడపిల్లలను పంపలేదు. వారిది నీళ్ళ పని. వేసవిలో వాగు ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో తోడి, బిందె నిండువరకు కూర్చుండవలెను. పెద్ద మేనత్తకు ఉదయమంతయు దానితోనే సరిపోయెడిది. ఆ కష్టము చూడలేకయే, రెండవ ప్రపంచయుద్ధపు రోజులలో, నాయనమ్మ పాతర తెరచి జొన్నలమ్మి పెరటిలో బావి త్రవ్వించెను. పాతర గింజను ఆమె అమ్మినది ఆ ఒక్కసారియే. రాయి తగిలెను; పగులగొట్టగా నీరు పడెను. చెలమకు పోవు పని తప్పినది. కడగొట్టు మేనత్త పలక పట్టుకొని బడికి పోయినది ఆ బావి పుణ్యముననే.

ఏండ్లు గడచెను. నాయనమ్మ నడుము వంగెను. పెద్ద మేనత్తకు నలువదవ ఏటికే మెడ తిరుగుట కష్టమయ్యెను. ఇంటిలో పెరిగిన పిల్లలందరివి గార పండ్లే. సంసారభారముననే ఆమె నడుము వంగినదని చుట్టములు చెప్పుకొనిరి. ఒక పెండ్లిలో ఎవరో దానిపై పద్యము కూడ చదివిరి. అసలు సంగతి వేరు. నేలలోని రాతినుండి నీటిలో కరగు ఫ్లోరైడు మితిమీరినచో పండ్లు గారపట్టును, ఎముకలు బిరుసెక్కును, కీళ్ళు పట్టుకొనిపోవును. ఆ వ్యాధిని గూర్చి నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 1937లోనే వైద్యపత్రికలో ప్రకటించిరి. అనగా మా బావి త్రవ్వునాటికే ఆ మాట అచ్చయి యుండెను. అచ్చయినది ఇంగ్లీషున, మా వీధికి అది రాలేదు. నీరు కాచినను ఆ దోషము పోదు. మాకు జ్వరము వచ్చినపుడెల్ల నాయనమ్మ ఆ నీటినే కాచి, వడగట్టి, చల్లార్చి ఇచ్చెడిది.

1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీరు మా వైపు చేరినపిదప వరి వచ్చెను, వరిగ పోయెను. మాలో వైద్యవిద్య చదివినవారొకరు బావి సంగతి తెలిసికొని వచ్చునాటికి ఆమె మంచమున ఉన్నది. చెప్పవలెనా, వలదా అని మాలో మేము వాదించుకొంటిమి. తుదకు చెప్పితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప, "చిన్నదానికీ అవే నీళ్ళు పోశానే" అన్నది.

మరునాడు బావి పూడ్పించుమనెను. మేము మట్టి పోయించుచుండగా గుమ్మమున చేరగిలబడి చూచెను. గిలకను మాత్రము పడవేయనీయలేదు. అది నేటికిని అటుకపైన ఉన్నది. మొన్న డిసెంబరు కంపమునకు కూడ అది క్రింద పడలేదు.