పగ్గం: ఒక తాడు, ఒక మాట
(విద్యార్థి వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను పండితుణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉపన్యాసాలు అలవాటు లేదు. అందుకని ఒకే ఒక్క మాట గురించి చెప్పి కూర్చుంటాను.

ఈసారి దరఖాస్తుతో పాటు తెలుగులో ఒక పేజీ రాయమన్నాం. ఒక అమ్మాయి చక్కగా రాసింది. అందులో "మార్కులు చూసి నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు" అని ఒక వాక్యం ఉంది. ముఖాముఖిలో "పగ్గం అంటే ఏమిటమ్మా?" అని అడిగాను. "చాలా ఎక్కువ అని సార్" అంది. వాక్యం సరిగానే వాడింది, మాట మాత్రం తెలియదు. పక్కనున్న తండ్రిగారికీ తెలియలేదు. వెనకాల కూర్చున్న నానమ్మ రెండు పిడికిళ్ళూ ముందుకు చాచి బండి తోలినట్టు చూపించింది. అర్థం అదే.

తాళ్ళన్నీ ఒకటి కావు. పశువును గుంజకు కట్టేది పలుపు. ఎద్దు ముక్కులో గుచ్చేది ముకుతాడు. గుర్రం నోటికి పెట్టేది కళ్ళెం. బావిలో నీళ్ళు తోడేది చేంతాడు. కొన్ని ఊళ్ళలో పొడుగాటి తాడు దేన్నయినా పగ్గం అంటారు కానీ, ముఖ్యంగా పగ్గం అంటే బండి తోలేవాడి చేతిలో ఉండే తాడు. పలుపుకు ఒక కొస పశువు, రెండో కొస గుంజ. పగ్గానికి ఒక కొస పశువు, రెండో కొస మనిషి. పలుపు కట్టేస్తుంది, పగ్గం నడిపిస్తుంది. ఈ తేడా తెలిస్తే వాడుకలన్నీ వాటంతట అవే తేలిపోతాయి. 'సంస్థ పగ్గాలు చేపట్టారు' అంటాం, 'పలుపులు చేపట్టారు' అనం. ఎగిరిపడేవాడికి 'ముకుతాడు వేశారు' అంటాం. పట్టుకుందామన్నా పగ్గం చేతికి అందని స్థితి 'పట్టపగ్గాలు లేకపోవడం'. అది ఆనందమైనా కావచ్చు, కోపమైనా కావచ్చు.

1980ల్లో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద మా శాఖలో ఎడ్లబండ్లకు అప్పులిచ్చేవాళ్ళం. ఒక రైతు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "పగ్గం బిగబడితే ఎద్దు నిలబడిపోతాది, వదిలేస్తే చేన్లో పడతాది. ఊరికే చేతికి తెలిసేటట్టు పట్టుకోవాల." కామర్స్ చదివే పిల్లలకు ఇది బాగా అర్థమవుతుంది. 2016లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి, ధరల పెరుగుదల లక్ష్యం 4 శాతం అనీ, 2కు తగ్గకుండా 6కు మించకుండా చూడాలనీ పెట్టారు. పత్రికలు దాన్నే 'ధరలకు పగ్గాలు' అని రాస్తాయి. ధరలను కట్టిపడేయడం కాదు, దారిలో నడిపించడం. సరిగ్గా ఆ రైతు చెప్పిందే.

ఇక ఈ మాట పుట్టుక చూడండి. సంస్కృతంలో ప్రగ్రహం అంటే చేత పట్టే తాడు. అదే మన నోట పగ్గం అయింది. కన్నడంలో మాట మొదటి 'ప' చాలాచోట్ల 'హ' అయిపోయింది. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి హులి, మన పల్లె హళ్ళి. అట్లాగే పగ్గం హగ్గ అయింది. బెంగుళూరులో చదివే మన పిల్లలు బడి ఆటల్లో ఆడే హగ్గ జగ్గాట ఈ పగ్గమే. ఒడియాలో ఆవును కట్టే తాడు పఘా. హిందీలో పగహా. ముందు ముకుతాడు లేదు, వెనక పగహా లేదు అని, అయినవాళ్ళెవరూ లేని మనిషిని గురించి హిందీలో ఒక సామెత ఉంది. బరంపురంలో ఉన్నా, హోసూరులో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా మనం పక్కింటి భాష నేర్చుకుంటాం. అది మంచిదే. అయితే ఇంటి మాట తెలిసినవాడికి పక్కింటి మాట చుట్టంలా కనిపిస్తుంది. ఇంటి మాట పోగొట్టుకున్నవాడికి రెండూ బట్టీ పట్టాల్సినవే.

కఠోపనిషత్తులో శరీరం రథం, బుద్ధి సారథి, ఇంద్రియాలు గుర్రాలు అని చెప్పారు. మనస్సును ప్రగ్రహం అన్నారు, అంటే పగ్గం. పిల్లలూ, చేతిలో ఫోను పట్టుకున్నప్పుడు ఈ మాట ఒకసారి తలుచుకోండి. తల్లిదండ్రులకూ ఒక మనవి. మీ చేతిలో ఉన్నది పగ్గమా, పలుపా అని అప్పుడప్పుడు చూసుకోండి. ఏ కోర్సు చదవాలో పిల్లలను అడగకుండానే నిర్ణయించే ఇళ్ళు మనలో తక్కువేమీ కాదు.

తమిళనాడులో 2006 చట్టం వచ్చాక తమిళం తరగతి తరువాత తరగతిగా తప్పనిసరి పాఠమైంది. తక్కిన చోట్ల కూడా బడిలో తెలుగు దొరకని పిల్లలు మనలో చాలామంది. బడి ఇవ్వలేనిది ఇల్లు ఇవ్వాలి. ఎడ్లబండ్లు తగ్గిపోయాయి కానీ, పగ్గం చేత పట్టినవాళ్ళు ఇంకా మన ఇళ్ళలో ఉన్నారు. వారానికి ఒక్క పనిముట్టు పేరు నానమ్మనో తాతయ్యనో అడగండి. దానితో ఏం చేసేవారో, ఆ మాటను ఇంకెక్కడ వాడతారో కూడా అడిగి నోటుబుక్కులో రాసుకోండి. ఏడాదికి యాభైరెండు మాటలు. ఇది ఖర్చు లేని పొదుపు. వచ్చే ఏడు వేతనం రెన్యువల్‌కు వచ్చేటప్పుడు ఆ పుస్తకం కూడా తెచ్చి చూపిస్తే చాలా సంతోషిస్తాను.